స్క్రిప్టు నడిచేటప్పుడు ఎక్సెల్ పాప్‌అప్‌లు: ఏ దారి ఎవరికి సరిపోతుంది

దాళ్వా కోతలు మొదలయ్యాయంటే పాలకొల్లు చుట్టుపక్కల మిల్లుల్లో కాటా రాత్రి పొద్దుపోయే దాకా ఆగదు. అలాంటి ఒక మిల్లుకు నేను ఒక స్క్రిప్టు, అంటే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రాము, రాసిపెట్టాను. రాత్రి 11 గంటలకు కాటాల దగ్గర నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైళ్లన్నీ తెరిచి, రైతువారీగా బస్తాలు కూడి, పొద్దున్నకల్లా చెల్లింపు షీటు సిద్ధం చేయడం దాని పని. మూడు వారాలు చక్కగా నడిచింది. నాలుగో వారంలో ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకు గుమస్తా గారి ఫోన్. "బాబూ, షీటు రాలేదండి. రైతులు వచ్చి కూర్చున్నారండి."

వెళ్లి చూస్తే టాస్క్ మేనేజర్‌లో ఎక్సెల్ నడుస్తూనే ఉంది. తెర మీద మాత్రం ఏమీ లేదు. అదే స్క్రిప్టును చేత్తో నడిపితే అప్పుడు బయటపడింది: ఒక కాటా ఫైలులో ఎవరో వేరే ఫైలుకు లింకు పెట్టారు. లింకులు అప్‌డేట్ చేయాలా వద్దా అని ఎక్సెల్ ఒక పెట్టెలో (పాప్‌అప్) అడుగుతోంది. ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేలా, చెప్పిన టైముకు ప్రోగ్రాములు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను కాబట్టి, ఆ పెట్టె ఎవరికీ కనిపించని చోట తెరుచుకుంది. ఏడున్నర గంటలు జవాబు కోసం అలాగే ఉండిపోయింది.

టెన్షన్‌లో అందరూ చేసే పనే నేనూ చేశాను. హెచ్చరికలు చూపించాలా అన్నదానికి ఎక్సెల్‌లో ఉండే డిస్‌ప్లేఅలర్ట్స్ అనే ఒక్క సెట్టింగును ఫాల్స్ చేశాను, అంటే చూపించవద్దన్నాను. పాప్‌అప్‌లు ఆగిపోయాయి. తరువాతి వారంలో 17 శాతం దాటిన తేమకు తగ్గింపులన్నీ గుమస్తా గారు సాయంత్రమంతా కూర్చుని చెల్లింపు షీటులో చేత్తో వేశారు. ఏదో ఫైలు ఆలస్యంగా వచ్చిందని నేను స్క్రిప్టును రెండోసారి నడిపాను. అదే పేరుతో ఫైలు ఉంది, దాని మీద రాసేయాలా అని ఎక్సెల్ అడగాల్సిన చోటు అది. అడగలేదు, రాసేసింది. పోయింది ఆయన పని, పోగొట్టింది నేను.

అప్పటి నుంచి పాప్‌అప్‌ను నేను అడ్డంకిగా చూడడం లేదు, అది ఒక ప్రశ్న. పెట్టె కనిపించకుండా చేసినంత మాత్రాన ప్రశ్న పోదు, మన బదులు వేరే ఎవరో జవాబు చెప్పేస్తారు. ఏ దారి ఎంచుకోవాలన్నా ఆ జవాబు ఎవరు చెబుతున్నారో ముందు చూసుకోవాలి. ఈ కింద చెప్పే దారులన్నిటినీ నేను ఆ లెక్కలోనే పోలుస్తున్నాను.

అన్నిటినీ ఒకేసారి ఆపేయడం

అప్లికేషన్ డాట్ డిస్‌ప్లేఅలర్ట్స్ ఈక్వల్స్ ఫాల్స్. ఒక్క లైను. షీటు తీసేసేటప్పుడు, సెల్స్ కలిపేటప్పుడు, సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలన్నీ దీనితో ఆగుతాయి. ప్రతి ప్రశ్నకూ ఎక్సెల్ తన దగ్గరున్న మామూలు జవాబును తీసుకుంటుంది.

అయితే ఆ మామూలు జవాబు మనం అనుకున్నదే అవుతుందన్న నమ్మకం లేదు. పాత ఫైలు మీద సేవ్ యాజ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో ముందుగా ఎంచుకుని ఉండే బటన్ 'నో'. అలర్ట్స్ ఆపేస్తే మాత్రం ఎక్సెల్ తీసుకునే జవాబు 'ఎస్'. మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఈ సంగతి రాసి ఉంది, నేను ఆలస్యంగా చదివాను. సేవ్ చేయని ఫైళ్లు తెరిచి ఉండగా క్విట్ అంటే, అలర్ట్స్ ఆగి ఉన్నప్పుడు ఎక్సెల్ వాటిని సేవ్ చేయకుండానే మూసేస్తుంది. అంటే ఒకచోట ఉన్నదాన్ని చెరిపేసే జవాబు, ఇంకోచోట కొత్తదాన్ని పారేసే జవాబు. సెల్స్ కలిపినప్పుడూ అంతే: ఎడమ పైమూల సెల్‌లో ఉన్నది మిగులుతుంది, మిగతా సెల్స్‌లో ఉన్నది మాట చెప్పకుండా పోతుంది.

ఇంకొక తేడా ఉంది. ఎక్సెల్ లోపలే మాక్రోగా, అంటే ఫైలులోనే ఉండే కోడ్‌గా నడిపితే, మాక్రో అయిపోగానే ఈ సెట్టింగు తనంతట తానే మళ్లీ ట్రూ అవుతుంది. బయట నుంచి, అంటే పవర్‌షెల్ నుంచో పైథాన్ నుంచో నడిపితే అలా మారదు. పైథాన్‌లో ఎక్సెల్‌ను నడపడానికి విన్‌32కామ్ వాడేవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి. డిస్పాచ్ అని రాస్తే అప్పటికే తెరిచి ఉన్న ఎక్సెల్‌నే అది పట్టుకోవచ్చు. ఆ ఎక్సెల్‌లో గుమస్తా గారు పని చేసుకుంటున్నారనుకోండి. మన స్క్రిప్టు అలర్ట్స్ ఆపేసి వెళ్లిపోతుంది. ఆయన సాయంత్రం ఫైలు మూస్తే, సేవ్ చేయాలా అని అడగకుండానే మూసుకుపోవచ్చు. డిస్పాచ్‌ఈఎక్స్ అని రాస్తే స్క్రిప్టుకు వేరే ఎక్సెల్ తెరుచుకుంటుంది, ఆయన ఎక్సెల్ జోలికి పోదు. నేను ఇప్పుడు ఎప్పుడూ అదే వాడతాను.

అన్నీ ఆపేశామనుకున్నా కొన్ని ఆగవు. మాక్రోలో మనమే రాసుకున్న మెసేజ్‌బాక్స్, ఇన్‌పుట్‌బాక్స్ డిస్‌ప్లేఅలర్ట్స్ మాట వినవు. మాక్రో తప్పుపడినప్పుడు వచ్చే ఎర్రర్ పెట్టె కూడా వినదు. రాత్రిపూట నడిచే మాక్రోలో మెసేజ్‌బాక్స్ ఒక్కటి మిగిలినా పొద్దున్న దాకా అక్కడే ఆగిపోతుంది. "పని పూర్తయింది" అని చెప్పే పెట్టె చాలామంది సరదాగా పెట్టుకుంటారు. దాన్ని తీసేసి, లాగ్ ఫైలులో ఒక లైను రాయించండి.

ఈ దారి ఎవరికి సరిపోతుంది? ఎదురుగా మనిషి కూర్చుని బటన్ నొక్కే చిన్న మాక్రోకు, అదీ తాత్కాలిక షీటు ఒకటి తీసేయడం లాంటి పనికి. షీటు తీసే లైనుకు ముందు ఫాల్స్, ఆ లైను అవగానే ట్రూ. దీన్నొక్కదాన్నే నమ్ముకుని స్క్రిప్టు మొదట్లో ఫాల్స్ పెట్టి చివరిదాకా వదిలేయడాన్ని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ప్రతి ప్రశ్నకూ మనమే ముందు జవాబు చెప్పడం

నా ఓటు దీనికి. ఎక్సెల్ అడగబోయే ప్రశ్నలు లెక్కకు మించి లేవు. రోజూ వచ్చేవి ఏడెనిమిది. వాటిలో చాలావాటికి జవాబు చెప్పడానికి వేరే చోటు ఉంది.

లింకుల సంగతి ముందు చెబుతాను, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ఆస్క్‌టుఅప్‌డేట్‌లింక్స్ అనే సెట్టింగును ఫాల్స్ చేస్తే లింకులు అప్‌డేట్ కావని పేరు చూసి అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు: అడగడం మానేసి, తనంతట తానే అప్‌డేట్ చేసేస్తుంది. దీనివల్ల ఎంత నష్టమో లెక్క వేసి చూద్దాం. సాధారణ రకం వరికి మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2,300 రూపాయలు, 2025-26లో 2,369. మనకు లెక్క 75 కిలోల బస్తాలో కాబట్టి బస్తాకు 1,725 రూపాయలు కాస్తా 1,776 రూపాయల 75 పైసలు అయింది. 2024-25 చెల్లింపు ఫైలులో ధర ఒక 'ధరల ఫైలు' నుంచి లింకు ద్వారా వస్తోందనుకోండి. మరుసటి ఏడాది ఆ ధరల ఫైలులో కొత్త ధర వేశారు. ఏదో రిపోర్టు కోసం స్క్రిప్టు పాత ఫైలును తెరిచి, అప్‌డేట్ చేసి, సేవ్ చేసింది. 400 బస్తాలు తోలిన రైతుకు మిల్లు ఇంకా 20,700 రూపాయలు బాకీ ఉన్నట్టు పాత లెక్క మారిపోతుంది. పాప్‌అప్ రాలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

అందుకే ఫైలు తెరవడానికి వర్క్‌బుక్స్ ఓపెన్ అని రాసే లైనులోనే అప్‌డేట్‌లింక్స్‌కు 0 అని ఇవ్వండి. సున్నా అంటే అప్‌డేట్ చేయొద్దు, 3 అంటే చేయి. ప్రశ్న ఏ ఫైలుకు సంబంధించినదో ఆ ఫైలు దగ్గరే జవాబు ఉంటుంది. ఆరు నెలల తరువాత ఆ కోడ్ చదివేవాళ్లకు కూడా మీ ఉద్దేశం తెలుస్తుంది.

అదే ఓపెన్ లైనులో రీడ్‌ఓన్లీ ట్రూ ఇస్తే, ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిచి ఉన్నా చదవడానికి పేచీ ఉండదు. చదవడమే పని అయితే ఎప్పుడూ ఇది పెట్టండి. క్లోజ్ లైనులో సేవ్‌చేంజెస్‌కు ట్రూనో ఫాల్సో తప్పకుండా రాయండి. అప్పుడు మూసేటప్పుడు ప్రశ్నే పుట్టదు. సేవ్డ్ అనే గుర్తును ట్రూ చేసి మూసినా పెట్టె రాదు గానీ, మార్పులు పోతాయి. పేరు చూసి సేవ్ అయిందనుకుని మోసపోయినవాళ్లున్నారు.

పాస్‌వర్డ్ ఉన్న ఫైలు వస్తే డిస్‌ప్లేఅలర్ట్స్ ఆపినా పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తుంది. దీనికి ఒక చిట్కా ఉంది. ఓపెన్ లైనులో పాస్‌వర్డ్ దగ్గర ఏదో ఒక మాట ఇచ్చేయండి. ఫైలుకు పాస్‌వర్డ్ లేకపోతే ఆ మాటను ఎక్సెల్ పట్టించుకోదు. ఉంటే, తప్పు పాస్‌వర్డ్ అని ఎర్రర్ వస్తుంది. ఎర్రర్‌ను స్క్రిప్టు పట్టుకోగలదు, కనిపించని పెట్టెను పట్టుకోలేదు.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో సేవ్ చేయాల్సి వస్తే, ఆ రూపంలో ఏవి పోతాయో హెచ్చరించే కంపాటిబిలిటీ చెకర్ అడ్డొస్తుంది. ఆ వర్క్‌బుక్‌కు చెక్‌కంపాటిబిలిటీ ఫాల్స్ చేస్తే ఆగుతుంది. కానీ పాత రూపంలో ఒక షీటుకు 65,536 వరుసలు, 256 నిలువు వరుసలే పడతాయి. కొత్త రూపంలో వరుసలు 10,48,576. హెచ్చరిక ఆపే ముందు వరుసలు ఎన్నో స్క్రిప్టు చేతే లెక్కపెట్టించండి. పెద్ద రేంజ్ కాపీ చేశాక మూసేటప్పుడు క్లిప్‌బోర్డులో చాలా సమాచారం ఉంది, ఉంచాలా అని అడిగే పెట్టెకు కట్‌కాపీమోడ్‌ను ఫాల్స్ చేస్తే చాలు.

ఫైలు మీద రాసేసే ప్రశ్నకు మాత్రం సెట్టింగు వెతకొద్దు. ఆ పేరుతో ఫైలు ఉందా లేదా అని స్క్రిప్టు ముందే చూడాలి. ఉంటే పాతదాని పేరు చివర తేదీ, టైము తగిలించి పక్కన పెట్టాలి, ఆ తరువాతే సేవ్. నాలుగు లైన్ల పని ఇది. ఆ నాలుగు లైన్లు నేను ముందే రాసి ఉంటే ఆయన సాయంత్రం వృథా అయ్యేది కాదు.

అడగకుండానే ఒప్పుకునే ప్రశ్న

మనం ఆపకపోయినా రాని పెట్టె ఒకటి ఉంది. అది రావాలని నేను కోరుకుంటాను. చేత్తో ఫైలు తెరిస్తే మాక్రోలు నడపాలా అని ఎక్సెల్ హెచ్చరిస్తుంది కదా. స్క్రిప్టు ద్వారా తెరిస్తే అడగదు. ఆటోమేషన్‌సెక్యూరిటీ అనే సెట్టింగు ఎక్సెల్ మొదలవగానే 'లో' స్థాయిలో ఉంటుంది, అంటే కోడ్ ద్వారా తెరిచిన ఫైళ్లలో మాక్రోలన్నీ నడవడానికి అనుమతి ఉన్నట్టే. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పదిమంది దగ్గర నుంచి వచ్చిన ఫైళ్లను ఒక ఫోల్డర్లో పోసి, స్క్రిప్టు చేత వరసపెట్టి తెరిపిస్తున్నాం. వాటిలో ఒక్కదాంట్లో చెడ్డ మాక్రో ఉంటే చాలు.

కాబట్టి ఫైళ్లు తెరిచే ముందు ఆటోమేషన్‌సెక్యూరిటీని 3కు మార్చండి. మాక్రోలు నడవవు. తెరవగానే మెసేజ్ చూపించే ఫైళ్ల బాధ కూడా దీనితోనే పోతుంది. అది మన సొంత ఫైలే, మాక్రోలు మనకు కావాలి, తెరిచేటప్పుడు నడిచే కోడ్ ఒక్కటే వద్దనుకుంటే ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్ చేస్తే సరిపోతుంది. పని అవగానే రెండిటినీ మామూలు స్థితికి తేవాలి.

ఎక్సెల్‌ను తెరవకుండా పని చేసుకోవడం

అసలు ఎక్సెల్ తెరవకపోతే పాప్‌అప్ ఎక్కడిది? పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ లాంటి లైబ్రరీ ఫైలును నేరుగా చదువుతుంది, రాస్తుంది. కంప్యూటర్లో ఎక్సెల్ లేకపోయినా నడుస్తుంది. మనిషి లేని సర్వర్ల మీద ఆఫీస్‌ను స్క్రిప్టులతో నడపడం తాము సిఫారసు చేయమని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది, రాత్రి పనులకు అది గుర్తు పెట్టుకోవాల్సిన మాట.

భీమవరం వైపు రొయ్యలు కొనేవాళ్ల లెక్క దీనికి బాగా సరిపోతుంది. ఒక్కో చెరువు దగ్గర నుంచి ఒక్కో ఫైలు, అందులో కౌంటు, కిలోలు, రేటు. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు, కౌంటును బట్టే రేటు. ఇరవై ఫైళ్లు చదివి, కౌంటువారీగా కూడి, కొత్త ఫైలు ఒకటి రాయాలి. ఫార్ములాల గొడవ లేదు, అంకెలు చదవడమే. ఇలాంటి పనికి ఎక్సెల్‌ను నిద్ర లేపడం దండగ.

పరిమితులు మాత్రం గట్టివే. ఓపెన్‌పైఎక్సెల్ ఫార్ములాలను లెక్కగట్టదు. డేటాఓన్లీ ట్రూ అని తెరిస్తే, ఎక్సెల్ చివరిసారి సేవ్ చేసినప్పటి జవాబు చూపిస్తుంది. ఫార్ములాలున్న ఫైలును దీనితో సేవ్ చేశాక మళ్లీ అలా చదివితే ఆ జవాబులు ఖాళీగా వస్తాయి, ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసేదాకా అంతే. డేటాఓన్లీతో తెరిచిన ఫైలును అదే పేరుతో సేవ్ చేశారో, ఫార్ములాలే పోతాయి. బొమ్మల్లాంటి ఆకారాలున్న ఫైలును తెరిచి అదే పేరుతో సేవ్ చేస్తే అవి ఎగిరిపోతాయి. మాక్రోలున్న ఫైలుకు కీప్‌వీబీఏ ట్రూ ఇవ్వకపోతే మాక్రోలు మిగలవు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లను అసలు తెరవదు. ఇవేవీ అడిగి చేయవు, పాప్‌అప్ అనేదే లేని చోట హెచ్చరిక కూడా ఉండదు. అందుకే నేను పెట్టుకున్న పద్ధతి: దీనితో పాత ఫైలును చదువుతాను, రాసేది ఎప్పుడూ కొత్త ఫైలులోనే.

ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌ను హెడ్‌లెస్‌గా, అంటే తెర లేకుండా నడపడం ఇంకో దారి. ఎక్సెల్ కొనే స్తోమత లేని చిన్న వ్యాపారులకు ఇది నిజంగా ఉపయోగం. కడియం నర్సరీలో మొక్కల ధరల పట్టీని రోజూ పీడీఎఫ్ చేసి పంపించాలంటే, కన్వర్ట్‌టు అని ఒక్క కమాండు చాలు. తెర ఉండదు, పెట్టెలుండవు, ఫార్ములాలు లెక్కకడుతుంది, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లనూ తెరుస్తుంది. ఒక ఇబ్బంది: అదే కంప్యూటర్లో ఎవరైనా లిబ్రే ఆఫీస్ తెరిచి ఉంచితే, కమాండు ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఏ పనీ చేయకపోవచ్చు. స్క్రిప్టుకు వేరే ప్రొఫైల్ ఫోల్డర్ ఇస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. తుపాను రోజుల్లో కరెంటు హఠాత్తుగా పోయాక, పాత ఫైళ్లు రికవర్ చేయాలా అన్న ప్రశ్న రాకుండా నోరిస్టోర్ అని కూడా తగిలించండి. వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) మాక్రోలతో నిండిన ఫైళ్లకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఈ గొడవలో సగం ఉండదు. అంబాజీపేట కొబ్బరి రేట్లు నలుగురూ ఫోన్లో చూసుకుంటూ ఒకే షీటులో వేసుకునే వ్యాపారానికి అదే నయం. అక్కడ స్క్రిప్టు షీటును తీసేసినా ఎవరూ అడగరు. పాప్‌అప్ వచ్చిందంటే మనం రాసిందే. అలర్ట్ అని రాస్తే జవాబు వచ్చేదాకా స్క్రిప్టు ఆగుతుంది, టోస్ట్ అని రాస్తే మూలన ఒక మాట చూపించి ముందుకు పోతుంది. టైమ్ ట్రిగ్గరుతో, అంటే పెట్టిన టైముకు తనంతట తానే రాత్రి నడిచేదాంట్లో, పెట్టె చూపించడానికి వాడే గెట్‌యూఐ అని ఎక్కడున్నా ఎర్రర్‌తో ఆగిపోతుంది. మామూలు ఖాతాలో ఒక్కసారి నడవడానికి దొరికేది ఆరు నిమిషాలే కాబట్టి సీజను మొత్తం లెక్కలు ఒకే దెబ్బకు వేయించకండి.

ఇక సెండ్‌కీస్‌తో (మీట నొక్కినట్టు చేసే కమాండు) ఎంటర్ నొక్కించడం, పెట్టె కనిపించగానే మౌస్‌తో క్లిక్ చేయించే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం. వద్దు. ఆ క్షణంలో ముందున్న కిటికీ ఏదైతే దానికి పోతుంది ఆ ఎంటర్. అది బ్యాంకు పేజీ కూడా కావచ్చు.

ఎవరికి ఏది

మీ ఎదుటే నడిచే చిన్న మాక్రో అయితే డిస్‌ప్లేఅలర్ట్స్‌ను ఒక్క లైను చుట్టూ వాడుకోండి. ఫైళ్లలో అంకెలు చదివి కూడడమే పని అయితే పైథాన్, ఎక్సెల్ జోలికే పోకండి. ఫార్ములాలు, ఫార్మాటింగ్, ప్రింటు అన్నీ ఎక్సెల్‌లోనే ఉండాలి, రాత్రి మనిషి లేకుండా నడవాలి అంటే ప్రతి ప్రశ్నకూ జవాబు కోడ్‌లోనే రాసుకోండి. అప్పటికీ ఊహించని పెట్టె ఒకటి వస్తుంది. ఓపెన్, సేవ్, క్లోజ్ అన్నిటికీ జవాబులు ఇచ్చేశాక, ఆఖరి కాపలాగా మాత్రమే స్క్రిప్టు సొంత ఎక్సెల్‌లో డిస్‌ప్లేఅలర్ట్స్‌ను ఫాల్స్‌గా ఉంచవచ్చు. ఏ ప్రశ్నకూ ఆ గుడ్డి జవాబు మీద ఆధారపడకూడదు.

టాస్క్ షెడ్యూలర్‌లో ఎక్కువసేపు నడిస్తే ఆపేయాలన్న చోట మొదట ఉండేది మూడు రోజులు. దాన్ని అరగంట చేయండి. స్క్రిప్టును ఆపినా దాని ఎక్సెల్ వెనకాల మిగిలిపోవచ్చు, కాబట్టి మొదలుపెట్టిన ఎక్సెల్ ప్రాసెస్ నంబరు రాసి పెట్టుకుని, ఆ ఒక్కదాన్నే ముగించాలి. ఎక్సెల్‌లన్నిటినీ ముగించే కమాండు వాడితే గుమస్తా గారిది కూడా పోతుంది.

ఆ మిల్లులో స్క్రిప్టును పోయిన సార్వాకు ముందు మళ్లీ రాశాను. కాటా ఫైళ్లను పైథాన్ చదువుతుంది, చెల్లింపు షీటును మాత్రం ఎక్సెల్ చేత రాయిస్తాను, పాత షీటు పేరు మార్చి పక్కన పెట్టాకే. తెరుచుకోని ఫైలు, పాస్‌వర్డ్ ఉన్న ఫైలు, లింకులున్న ఫైలు ఏదైనా సరే లెక్కలోకి రాదు, 'చూడాల్సినవి' అనే ఫోల్డర్లోకి పోతుంది. పక్కనే కారణం ఒక లైను తెలుగులో ఉంటుంది. గుమస్తా గారు పొద్దున్నే రాగానే ముందు ఆ ఫోల్డర్ తెరుస్తారు. మొన్న అందులో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకదానికి పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. రెండోదాని కోసం కాటా దగ్గరికి ఫోన్ చేసి అడిగారు, రైతులు వచ్చేసరికి షీటు సిద్ధంగా ఉంది.